గ్రూపు ఫోటో అంచున నిలబడ్డ మనిషి

(మన బడి స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)

 

ముప్ఫయ్యేళ్ళుగా నేను కాలవలతో, లాకులతో, షట్టర్లతో బతుకుతున్నాను. కాబట్టి మైకు ఇస్తే క్యూసెక్కుల గురించి మొదలెడతానని మన కార్యదర్శి గారు భయపడ్డారు. ఫోటోల గురించి మాట్లాడతానంటే "హమ్మయ్య" అన్నారు. క్యూసెక్కులు కొంచెం వస్తాయి. ఓర్చుకోండి.

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో ఫోటోగ్రఫీ చదువుతోంది. డిగ్రీలో ఆఖరి ప్రాజెక్టుగా పోర్ట్రెయిట్లు తియ్యాలి. మామూలువి కాదు, సర్రియల్ పోర్ట్రెయిట్లు. తెలుగులో అధివాస్తవికత అంటారు. శ్రీశ్రీ గారి పుణ్యమా అని ఆ మాట మనలో కొందరికైనా పరిచయమే. అర్థం ఏమిటని అడిగితే ఆ పిల్ల నాకు ఇలా చెప్పింది: "కలలో మనిషి కనపడతాడే మామయ్యా, మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది, ఇల్లు మనదే కానీ గుమ్మం వేరే వైపు. అయినా ఆ కలలో మనకేమీ అనుమానం రాదు. అలాంటి ఫోటో." నాకు అర్థమైంది. మనకి ఇది కొత్తేం కాదు కూడా. "మాయాబజార్"లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అదే కనపడుతుంది. మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టిన ఆ సినిమా వచ్చిందీ, మన ప్రకాశం బ్యారేజీ పూర్తయిందీ ఒకే ఏడు, 1957. బెజవాడ వాడిగా నాకు ఆ రెండూ ఒక జతలాగే ఉంటాయి.

ఈ ప్రాజెక్టుకి ఒక షరతుంది. ఫోటోలు తీస్తే చాలదు. ఏమనుకుని తీశావు, ఏం వచ్చింది, ఎందుకలా వచ్చింది, మళ్ళీ తీస్తే ఏం మారుస్తావు, ఇదంతా ఒక డైరీలో రాయాలి. మా శాఖలో ఎం-బుక్ ఉంటుంది. ఎంత మట్టి తవ్వామో, ఎంత సిమెంటు పోశామో కొలిచి రాసే పుస్తకం. అందులో లేని పనికి బిల్లు రాదు. కళకి కూడా ఎం-బుక్ ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆ డైరీ నాకు బాగా నచ్చింది. ఫోటోల కంటే ముందు అదే నచ్చిందని చెప్పాలి.

మొదటి ప్రయత్నాలు 2024 ఆగస్టులో జరిగాయి. సెలవుకి వచ్చి మా అబ్బాయిని కృష్ణ ఒడ్డున నిలబెట్టి, తల స్థానంలో చేపల తొట్టి పెట్టి కంప్యూటర్లో అతికించింది. ఇంకోదాంట్లో వాడి తల మబ్బు. ఇంట్లో అందరం మెచ్చుకున్నాం. తను మాత్రం డైరీలో ఒకే ముక్క రాసుకుంది: "ఈ ఫోటో ఎవరిదైనా కావచ్చు. ఎక్కడిదైనా కావచ్చు." అంతే, రెండూ పక్కన పడేసింది.

దీనికి ముందు పెద్దవాళ్ళు ఏం చేశారో కూడా చదివింది. 1948లో ఫిలిప్ హాల్స్‌మన్ అనే ఆయన సాల్వడార్ డాలీని గాల్లోకి ఎగరేసి తీసిన ఫోటో ఒకటుంది. మూడు పిల్లులు, ఒక బకెట్టు నీళ్ళు, ఒక కుర్చీ, మనిషి, అన్నీ గాల్లోనే. పాతికకు పైగా ప్రయత్నాలు పట్టిందట. పిల్లుల సంగతి తలుచుకుంటే నాకు జాలేసింది. ఇంకా వెనక్కి పోతే 1840లో హిప్పొలిట్ బయార్ అనే ఫ్రెంచి ఆయన. ఫోటోగ్రఫీ తనూ కనిపెట్టాడు, పేరు మాత్రం డగేర్‌కి దక్కింది. ఆ కోపంతో తనే నీళ్ళలో పడి చచ్చిపోయిన శవంలాగా కూర్చుని ఫోటో తీసుకున్నాడు. కెమెరా పుట్టిన కొత్తలోనే మనిషి దాని ముందు లేని సంగతి నటించాడన్నమాట. మునిగిపోయిన మనిషి పోర్ట్రెయిట్! ఆ పిల్ల ఈ సంగతి నాకు ఫోనులో చెప్పిన వారానికే బుడమేరు వచ్చింది.

మీలో సగం మంది ఆ రోజుల్లో ఇక్కడే ఉన్నారు, మిగతా సగం అమెరికాలోనో హైదరాబాదులోనో టీవీల ముందు కూర్చున్నారు. ఆగస్టు ఆఖరులో మొదలైన వాన. బుడమేరు డైవర్షన్ ఛానల్‌కి మూడు గండ్లు. ఈ ఛానల్ బుడమేరు నీటిని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలపాలి. కానీ అప్పటికే కృష్ణ నిండుగా ఉంది. సెప్టెంబరు 2కి బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది తీసుకోనంటే వాగు ఎక్కడికి పోతుంది? సింగ్ నగర్‌కి, పాయకాపురానికి, రాజరాజేశ్వరీపేటకి పోయింది. ఇది వేరే ప్రసంగం, కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు, వదిలేస్తాను.

నీళ్ళు తీశాక మన పూర్వ విద్యార్థుల గ్రూపులో చందాలు వేసుకుని, మన బడిలో పనిచేసిన వాళ్ళ కుటుంబాలు ఆ పేటల్లో ఎక్కడున్నాయో వెతికాం. ఫైరింజన్లు వీధుల్లో నిలబడి ఇళ్ళలో బురద కడుగుతున్నాయి. పరుపులు, బీరువాలు, పుస్తకాలు ఇంటి ముందు గుట్టలు. నా కారులో బియ్యం, దుప్పట్లు, వెనక సీట్లో మా మేనకోడలు. కెమెరా తెచ్చుకుంది గానీ మొదటి రెండు రోజులు సంచిలోంచి తియ్యలేదు.

మూడో రోజు ఒక డాబా మీద చూసింది. బట్టలారేసే తాడుకి క్లిప్పులతో ఫోటోలు ఆరేసి ఉన్నాయి. పెళ్ళి ఫోటోలు, బారసాలలు, ఓణీల ఫంక్షను. దగ్గరికి వెళ్ళి చూస్తే మొహాల అంచులు ఎర్రగా, ఆ పైన పసుపుగా, ఆ పైన తెల్లగా కరిగి ఉన్నాయి. మనుషులు మంటల్లో నిలబడ్డట్టు ఉంది. నేను బురదనుకున్నాను. తనే విప్పి చెప్పింది. కలర్ ప్రింటు కాగితం మీద మూడు రంగుల పొరలు ఉంటాయి. అన్నిటికంటే పైన నీలిపచ్చ, మధ్యన మెజెంటా, అడుగున పసుపు. ఆ రంగుల్ని పట్టి ఉంచేది జెలటిన్, అంటే పశువుల ఎముకల్నుంచీ చర్మాల్నుంచీ తీసే జిగురు. రోజుల తరబడి నీళ్ళలో నానితే అది ఉబ్బుతుంది, సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. పై పొర ముందు పోతుంది. నీలిపచ్చ పోతే మిగిలిన రెండూ కలిసి ఎరుపు. మెజెంటా కూడా పోతే పసుపు. అదీ పోతే తెల్ల కాగితం. కాలవ గట్టు కోసుకుపోయినప్పుడు మట్టి పొరలు కనపడతాయి చూడండి, అదే.

ఆ సాయంత్రం తను నాతో అంది: "మామయ్యా, నేను కంప్యూటర్లో చెయ్యబోయింది నీళ్ళు చేసేశాయి. ఇప్పుడు నేను చెయ్యాల్సింది వేరే."

నిజానికి ముందు తను చేసింది ఫోటోలు తియ్యడం కాదు, ఫోటోలు బతికించడం. నెల రోజులు వారాంతాల్లో వచ్చి అదే పని. మంచినీళ్ళ టబ్బులో ఆల్బమ్ పేజీ ఉంచి, అతుక్కున్న ఫోటో తనంతట తాను వదిలే దాకా ఆగాలి. గోటితో పీకకూడదు. బొమ్మ వైపు గుడ్డతో తుడవకూడదు. ఎండలో కాదు, నీడలో ఆరెయ్యాలి. ఈ మధ్య ఇంకు ప్రింటర్ల మీద తీసినవి చాలావరకు రంగు వదిలేశాయి. పాత నలుపు తెలుపు ఫోటోలు, మన అమ్మానాన్నల కాలం నాటివి, ఆ ఇళ్ళలో బాగానే నిలబడ్డాయి. ఈ నెల రోజుల్లో ఆ ఇళ్ళవాళ్ళు తనని "ఫోటోలమ్మాయి" అనడం మొదలుపెట్టారు. తరవాత కెమెరా తీసినప్పుడు ఎవరూ మొహం తిప్పుకోలేదంటే కారణం అదే.

తనకి తను ఒక నియమం పెట్టుకుంది: ఆ ఇంట్లో లేనిది ఏదీ ఫ్రేములోకి రాకూడదు. గొడుగులు లేవు, రెక్కలు లేవు, చేపల తొట్టి లేదు. గోడ మీద నీళ్ళు నిలిచిన గీత, పాడైన ఫోటో, ఖాళీ అయిన స్థలం, మనిషి. వీటితోనే కల తయారు చెయ్యాలి. ట్రిక్కులన్నీ కెమెరాలోనే. నేను థర్మోకోల్ అట్ట పట్టుకుని వెలుగు మళ్ళించే అసిస్టెంటుని. నా ఉద్యోగంలో నన్ను "కొంచెం ఎడమకి జరగండి, ఇంకా, ఇంకా" అన్నవాళ్ళు లేరు.

ఒకావిడ టైలరు. కుట్టు మిషను, జనం ఇచ్చిన జాకెట్టు గుడ్డలు, అన్నీ పోయాయి. మిషను ఉన్న చోటే ఖాళీగా స్టూలు వేసుకుని, గాల్లో కుడుతున్నట్టు కూర్చోమంది. స్టాండు మీద కెమెరా, ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచడం. నాలుగు సెకన్లు కూర్చుని లేచి పక్కకి వెళ్ళిపోతే మనిషి సగం పారదర్శకంగా వస్తుంది, వెనక గోడా, నీటి గీతా ఆమెలోంచి కనపడతాయి. చాలా బాగా వచ్చిందని మేమిద్దరం మురిసిపోయాం. ప్రింటు చూపిస్తే ఆవిడ అన్న మాట: "కాళ్ళు తప్పుగా పెట్టానమ్మా. తొక్కేటప్పుడు కుడికాలు ముందుంటుంది. మళ్ళీ తియ్యి." మళ్ళీ తీశారు. రెండోదే ప్రాజెక్టులోకి వెళ్ళింది. మొదటిదానికీ దానికీ తేడా నాకు నిజంగానే కనపడింది. మొదటిదాంట్లో ఆవిడ నటిస్తోంది, రెండోదాంట్లో కుడుతోంది.

ఒక కొత్త జంట ఉంది. వాళ్ళ పెళ్ళి ఆల్బమ్ ఇటుకలా గట్టిపడిపోయింది. ఒక్క పేజీ విడిపోయింది. అందులో పెళ్ళికూతురి మొహం ఎదురు పేజీలో ఉన్న ఎవరో పెద్దాయన చొక్కా మీద అచ్చు పడింది. ఆ పేజీ చేతిలో పట్టుకుని ఇద్దరూ నిలబడ్డారు. తను దీన్ని దుఃఖంగా తీద్దామనుకుంది. వాళ్ళు నవ్వాపుకోలేకపోయారు. ఆ నవ్వే తీసింది. దాన్ని ఆ అబ్బాయి ఫోనులో వాట్సాప్ బొమ్మగా పెట్టుకున్నాడు. పాడైన పుస్తకాల మధ్య ఒక పిల్లాణ్ణి తీసిన ఫోటో మాత్రం అందరూ మెచ్చుకున్నా తీసేసింది. డైరీలో కారణం రాసింది: "ఇది జాలి అడుక్కుంటోంది."

ఇక అసలు సంగతికి వస్తాను. మన గంట బాబాయ్.

ఆ మాట వినగానే వెనక వరసల్లో సద్దు మణిగింది చూశారా. అటెండరుగా 1998 దాకా మన బడి గంట కొట్టిన మనిషి. ఆ ఏడే పోయారు. పేరు మీ అందరికీ తెలుసు. అచ్చులో వెయ్యొద్దని పిన్ని గారు అన్నారు కాబట్టి రాయడం లేదు. ఆవిడ సింగ్ నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. డెబ్భై ఏళ్ళు. వాళ్ళింట్లో బాబాయ్ ఫోటో ఒక్కటే ఉండేది, కలరుది, దండ వేసి గోడకి పెట్టింది. నీళ్ళు ఆ మేకు పైకి వెళ్ళాయి. ఫ్రేము దొరికింది. అద్దం కింద పసుపు మరక, ఒక చెవి, చొక్కా కాలరు.

మా మేనకోడలు ఆవిణ్ణి ఆ గోడ ముందు కూర్చోబెట్టి, ఆ పాడైన ఫోటోని అదే ఫ్రేము మీద రెండో ఎక్స్‌పోజరుగా తీసింది. ఆవిడ మొహంలో సగం ఆ పసుపులో కరిగిపోతోంది, చెంప పక్కన ఆయన చెవి. చెబితే భయంగా ఉంటుంది, చూస్తే భయం వెయ్యదు. నేను చూసిన ఫోటోల్లో అంత బలమైనది తక్కువ.

తన పద్ధతి ఏమిటంటే, కాలేజీలో చూపించే ముందు ఫోటోలో ఉన్న మనిషికి చూపించాలి. మూడు ప్రశ్నలు అడగాలి. ఇది మీరేనా? మీ ఇంట్లో పెట్టుకుంటారా? ఇందులో ఏం మార్చమంటారు? పిన్ని గారు చాలాసేపు చూశారు. "నేనే తల్లీ. అచ్చం నేనే. కానీ గోడకి పెట్టుకోను. ఆయన్ని ఇలా ఎవరూ చూడకూడదు" అన్నారు. అప్పుడు మెల్లగా అడిగారు. "వెనకటికి స్టుడియో వాళ్ళు కలిపి ఇచ్చేవారు కదా, విడివిడిగా ఉన్నవాళ్ళని. ఆయన్ని నా పక్కన కూర్చోబెట్టగలవా?"

మన ఊళ్ళ స్టుడియోల్లో ఇది చాలా కాలం నడిచిన పని. పోయిన మనిషిని ఏదో గ్రూపు ఫోటోలోంచి కత్తిరించి, భార్య పక్కన అతికించి, అతుకు కనపడకుండా బ్రష్షుతో దిద్ది మళ్ళీ ఫోటో తీసేవాళ్ళు. నెగటివు మీద పెన్సిలుతో దిద్దేవాళ్ళు ఉండేవారు. వాళ్ళని ఎవరూ ఆర్టిస్టులనలేదు.

కానీ అతికించడానికి మొహం ఏది? అప్పుడు మన గ్రూపులో అడిగాను. మీలో పదకొండు మంది పాత గ్రూపు ఫోటోలు పంపారు. మూడింటిలో బాబాయ్ ఉన్నారు. మూడింటిలోనూ అంచునే. బెంచీలు మోసుకొచ్చి వేసి, అందరూ సర్దుకున్నాక, ఫోటోగ్రాఫరు రమ్మంటేనో రమ్మనకపోయినానో వచ్చి నిలబడ్డ మనిషి. ఒకదాంట్లో కదిలిపోయారు, ఒకదాంట్లో సగం చెయ్యి ఫ్రేము బయట. మా 1986 ఫోటోలో మాత్రం నిటారుగా, తేటగా ఉన్నారు. కింద అట్ట మీద ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ ఉన్నాయి, హెడ్మాస్టరు గారి నుంచి మా లీడరు దాకా. ఆయన పేరు లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ ఫోటో మా ఇంట్లో ఉంది.

ఇప్పుడు కొంచెం లెక్క. ఆ ప్రింటులో ఆయన తల నాలుగు మిల్లీమీటర్లు. మిరియపు గింజంత. అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే ఆ తల ఎత్తు సుమారు 190 చుక్కలు వస్తుంది. ప్రింటుకి అంగుళానికి 300 కావాలనుకుంటే, స్పష్టంగా వచ్చేది పదహారు మిల్లీమీటర్ల మొహం. ఫ్రేము కట్టించే సైజు కావాలంటే ఎన్నో రెట్లు సాగదియ్యాలి. సాగదీస్తే గరుకు తేలుతుంది, కళ్ళు రెండు మచ్చలవుతాయి.

ఈ రోజుల్లో దానికి సాఫ్ట్‌వేర్లున్నాయి. మచ్చల్ని కళ్ళు చేస్తాయి, పెదాలకి గీత గీస్తాయి. చేసి చూసింది. మొహం పటిక బెల్లంలాగా తేటగా వచ్చింది. నేను శభాష్ అన్నాను. పిన్ని గారు చూసి "ఈయనెవరు?" అన్నారు.

ఆ ఒక్క మాటకి మా మేనకోడలు డైరీలో రెండు పేజీలు రాసింది. సారాంశం నా మాటల్లో చెబితే ఇది: మచ్చల్లో సమాచారం తక్కువ, కానీ ఉన్నంతవరకూ అది ఆయనది. యంత్రం చేర్చింది వేలమంది మొహాల సగటు. ఇంజనీరుగా నేను దీన్ని వెంటనే ఒప్పుకున్నాను. కొలవని చోట అంకె రాయడం మా దగ్గర తప్పు.

కాబట్టి గరుకు అలాగే ఉంచింది. ఇంకొక ప్రశ్న మిగిలింది. ఫోటోలో బాబాయ్‌కి ముప్ఫై అయిదు దాటి ఉంటాయేమో. పక్కన కూర్చునే పిన్ని గారికి డెబ్భై. వయసు పెంచే మీటలు కూడా కంప్యూటర్లో ఉన్నాయి. "అమ్మమ్మ గారూ, ఆయన్ని కొంచెం పెద్దాయన్ని చెయ్యమంటారా? లేకపోతే మీరు చిన్నప్పుడు ఎలా ఉండేవారో అలా చెయ్యనా?" అని అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఆయన్ని ముసలాణ్ణిగా నేను చూళ్ళేదు కదమ్మా. నన్ను తగ్గించొద్దు. ఇన్నాళ్ళు ఉన్నాను కదా, ఉన్నట్టే ఉంచు."

అలాగే చేసింది. నీటి గీత ఉన్న గోడ, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో ఈనాటి వెలుగులో తేటగా పిన్ని గారు. రెండో కుర్చీలో గరుకుగా, బూడిద రంగులో, బడి యూనిఫారంలో బాబాయ్. ఒంటికి, కుర్చీలో కూర్చునే తీరుకి వాళ్ళబ్బాయిని కూర్చోబెట్టి తీసింది. తల తండ్రిది, భుజాలు కొడుకువి. తెలియనివాళ్ళు చూస్తే తల్లీ కొడుకులనుకుంటారు. ఒక రకంగా ఆ మాటా సగం నిజమే.

ఫిబ్రవరిలో పరీక్షకుల ముందు పెట్టింది. వాళ్ళలో ఒకరు, ఎవరన్నది అనవసరం, టైలరు గారి ఫోటోని, పసుపులో కరిగిపోతున్న ఫోటోని బాగా మెచ్చుకున్నారట. ఈ జంట ఫోటో దగ్గర ఆగి "ఇది స్టుడియో పని, ఇందులో సర్రియల్ ఎక్కడుంది?" అన్నారట. తను జవాబు చెప్పింది: "డెబ్భై ఏళ్ళ భార్య పక్కన ముప్ఫై ఏళ్ళ కింద ఆగిపోయిన భర్త, కొడుకు భుజాలతో కూర్చున్నాడు సార్. ఆవిడకి ఇందులో వింత ఏమీ కనపడలేదు. అదే నా ప్రాజెక్టు." మార్కులు అడక్కండి, పాసైంది. నా మటుకు నాకు ఆ పరీక్షకుడి మాటే అర్థం కాలేదు. గాల్లో పిల్లులు ఎగిరితే కల, ఇది కాదా?

కరిగిపోతున్న ఫోటో సంగతి అడుగుతారేమో. దాన్ని ప్రదర్శనలో పెట్టొచ్చా అని పిన్ని గారిని మళ్ళీ అడిగింది. ఆవిడ ఆలోచించి, "హైదరాబాదులో పెట్టుకో. బెజవాడలో వద్దు" అన్నారు. అందుకే ఇవాళ బయట వరండాలో పెట్టిన ఫోటోల్లో అది ఉండదు. వెతక్కండి. జంట ఫోటో మాత్రం ఉంది, పిన్ని గారే పెట్టమన్నారు. దాని పక్కనే మా 1986 గ్రూపు ఫోటో. అట్ట మీద పేర్ల వరస చివర బాబాయ్ పేరు మొన్న మన డ్రాయింగు మాస్టారు తన చేత్తో రాశారు, ఆ రోజుల్లో బోర్డు మీద రాసిన అక్షరాల్లాగే. ఇందాక అన్నట్టు పేరు అచ్చులో లేదు గానీ అక్కడ ఉంది, చదువుకోండి.

మాస్టారూ, చెయ్యి వణుకుతోందన్నారు గానీ ఒక్క కొమ్ము కూడా వంకర పోలేదండి.

ఇంకొక్క పని ఉంది. 1975 నుంచి 1998 దాకా ఏ బ్యాచ్ గ్రూపు ఫోటో అయినా మీతో తెచ్చుకుని ఉంటే, వరండా చివర స్కానరు పెట్టుకుని మా మేనకోడలు కూర్చుంది. అక్కడికక్కడే స్కాన్ చేసి మీది మీకు ఇచ్చేస్తుంది. ఆల్బమ్‌లో అతుక్కుని ఉంటే మీరు పీకొద్దు, ఆల్బమ్‌తో సహా ఇవ్వండి. ఫోటోలో పేరు రాయని మనుషులు ఎవరైనా ఉంటే, ఆయాలు, వాచ్‌మన్‌లు, మంచినీళ్ళ అవ్వ, గుర్తున్నంతవరకు ఆ కాగితం మీద రాయండి. భోజనాల తరవాత నాలుగింటి దాకా తను అక్కడే ఉంటుంది.